తిరిగొచ్చిన చాప

పోయినవారం మిమ్మల్ని చావింటి వాకిట్లో నిలబెట్టి వెళ్ళిపోయాను. తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ వాకిట్లో నాకే కాళ్ళు కదల్లేదు, ఇంక మిమ్మల్నేం కదిలిస్తాను!

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను ఫువాతినోని. జైల్లోంచి గడువుకు ముందే షరతుల మీద బయటికొచ్చే వాళ్ళని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా సమోవాలో ఈ చివరి ఊరినుంచి ఆ చివరి ఊరిదాకా తిరిగి చెప్పులు అరగదీశాను. ఏడేళ్ళ కిందట సవాయి ద్వీపంలో, మాతాఫాలో ఊళ్ళో, క్రికెట్ ఆడుతూ ఔటా కాదా అని తగువొచ్చి, పెలెనాటో అనేవాడు మూడు పలకల బ్యాటెత్తి ఫెరెటి తలమీద కొట్టాడు. ఇద్దరికీ పాతికేళ్ళు నిండలేదు. ఫెరెటి సాయంత్రానికల్లా పోయాడు.

మర్నాడు తెల్లవారకముందే పెలెనాటో పెదనాన్న లెవాసా, ఆ ఇంటి పెద్ద, తనవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి ఫెరెటి వాళ్ళ వాకిట్లో మోకరించాడు. తలమీద సన్నచాప, మా ఇళ్ళలో అన్నిటికన్నా విలువైన సొత్తు, కప్పుకున్నాడు. పక్కన కట్టెలు, పొయ్యిరాళ్ళు పెట్టుకున్నారు. తప్పు మాది, మమ్మల్ని నరికినా సరే, కాల్చుకు తిన్నా సరే అని దానర్థం. మాలో క్షమాపణంటే నోటిమాట కాదు. మధ్యాహ్నం దాకా ఎండలో అలాగే ఉన్నారు. చివరికి ఫెరెటి మేనమామ, ఆ ఇంటికి అప్పటి పెద్ద, దిగివచ్చి చాప ఎత్తాడు. చాప ఎత్తితే పగ చల్లారినట్టే. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. చాప వాళ్ళింట్లోనే ఉండిపోతుంది. పెలెనాటోకి పదేళ్ళు శిక్ష పడింది. ఏడేళ్ళయింది. సోమవారం విడుదల.

పోయినవారం ఏం జరిగిందంటే, పెలెనాటో నాయనమ్మ చనిపోయింది. ఒక్కరోజు సెలవిప్పించి నేనే వాణ్ణి తీసుకెళ్ళాను. ఊళ్ళో ఒక్కో ఇంటివాళ్ళూ చావుకి ఇచ్చే చాపలు విప్పి పట్టుకుని వరసగా వచ్చారు. ఫెరెటి వాళ్ళూ వచ్చారు. వాళ్ళు తెచ్చిన చాపల్లో ఎర్ర ఈకల అంచున్న చాప ఒకటి ఉంది. ఏడేళ్ళ కిందట లెవాసా తలమీద ఉన్నది అదే చాప.

---

చావు చాపలన్నీ సర్ది, పెలెనాటోని వార్డరు జైలుకి తిరిగి తీసుకెళ్ళాక, లెవాసా ఇంటి వెనక స్తంభం దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నేను, లెవాసా, ఆయన భార్య లూపే. లూపే ఆ చాప మూల పట్టుకుని వదలటం లేదు.

"ఈ అల్లిక చూడు ఫువాతినో. అత్తగారికి వేలు విరిగిన ఏడు అల్లింది ఇది. ఈ మూల మాత్రం వంకరపోయింది. ఆవిడ చెయ్యి నాకు తెలీదా?"

"తెలిస్తే నోరు మూసుకో," అన్నాడు లెవాసా.

"ఎందుకు మూసుకోవాలి? నా మొహాన కొట్టినట్టుంటే!"

"నీ మొహానే కాదే, నా మొహాన కొట్టారు. నేనిచ్చిన క్షమాపణ నాకే తిరిగిచ్చారు. అంటే ఏమిటి? మీ చాప మీకు, మా పగ మాకు అని."

లూపే కళ్ళు తుడుచుకుంది. "పొరపాటేమోనయ్యా. చాపలన్నీ పరుపుల కిందే కదా పెడతాం. హడావిడిలో చేతికందింది లాగి ఉంటారు. మన సుసానా పెళ్ళికి నువ్వు పాస్టరుగారిచ్చిన చాప పాస్టరుగారికే ఇవ్వలేదూ?"

"ఏడేళ్ళుగా చేతికందనిది ఈ చావుకే అందిందా?"

"పోనీ, అడిగేస్తే సరిపోదూ?" అన్నాను నేను.

ఇద్దరూ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. చర్చిలో ఉమ్మేసినదాన్ని చూసినట్టు చూశారు. నిజమే, అది అడిగే మాట కాదు. ఇచ్చిన చాప గురించి అడగటమంటే పెట్టిన అన్నాన్ని తూచి చూడటమే. పైగా, మీరు క్షమించలేదా అని అడిగినవాడే పాత పగని తవ్వినవాడవుతాడు. తప్పు అడిగినవాడి మీదికి వస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసి చేసి నాకు బుద్ధి మందగించింది.

"చాప ఎత్తినాయనే బతికుంటే ఇంత భయముండేది కాదు," అంది లూపే.

అసలు భయం అక్కడుంది. చాప ఎత్తిన మేనమామ రెండేళ్ళ కిందట పోయాడు. ఆ ఇంటి పెద్దరికం ఫెరెటి అన్న లఫాయెలేకి వచ్చింది. చాప ఎత్తిన రోజు లఫాయెలే ఊళ్ళో లేడు. న్యూజిలాండ్‌లో కివీపళ్ళు కోస్తున్నాడు. తమ్ముడి శవపేటిక కూడా చూడలేదు. మామ క్షమించాడు సరే, తను ఎప్పుడు క్షమించాడు? అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఎప్పుడూ చెప్పలేదు.

లెవాసా లేచాడు. మోకాళ్ళు పట్టేసి, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. బయట అతని ఇద్దరు కొడుకులు కొబ్బరికాయలు కొట్టే కత్తుల్ని రాతి మీద నూరుతున్నారు. చావింట్లో కత్తులు నూరే పనేముంది! వాళ్ళు తలెత్తి నా వైపు చూడలేదు.

---

పెరోల్ బోర్డుకి నేను పంపాల్సిన కాగితం ఒక్కటే మిగిలింది. విడుదలైనవాడు ఎక్కడ ఉంటాడు? ఊళ్ళోనా, ఆపియా పట్నం హాస్టల్లోనా? శుక్రవారం సాయంత్రంలోగా నేను ఏదో ఒకటి రాయాలి. రాయకపోతే విడుదల మరో ఏడాది వెనక్కి పోతుంది.

ఏది మంచిదని పైవాళ్ళు నన్ను అడుగుతూనే ఉంటారు. ఊరు బాగుచేస్తుందా, పట్నం బాగుచేస్తుందా, జైలు బాగుచేస్తుందా? నా బొంద! నాకేం తెలుసు? నాకు తెలిసింది మనుషులు.

సంగాటో అని ఒకడు ఉండేవాడు, దొంగ. వాణ్ణి ఊరికి పంపితే ఊరిపెద్దలు కావా పానీయం తాగే పంక్తిలో చిట్టచివర కూర్చోబెట్టారు. నలభైమంది అత్తలు నలభై వైపులనుంచి కాపలా. వాడు గోళ్ళు కొరికినా సాయంత్రానికి నాకు ఫోనొచ్చేది. ఇవాళ సాయంప్రార్థనకి శంఖం ఊదేది వాడే. ఇంకొకడున్నాడు, పేరు చెప్పను, వాడి పెళ్ళాం బతికే ఉంది. వాణ్ణీ ఊరికే పంపాను. వాడు రోజూ ప్రార్థనకి వస్తున్నాడని పెద్దలు మూడుసార్లు రాసిచ్చారు. ప్రార్థనయ్యాక ఇంటికెళ్ళి ఏం చేస్తున్నాడో రాయలేదు. ఆ పిల్ల దవడ విరిగి ఆసుపత్రికొచ్చేదాకా నేను కూడా వాడు బాగుపడ్డాడనే అనుకున్నాను. దానికి నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

పట్నం హాస్టలా? టోమాసిని పంపాను. వారం వారం కోపం తగ్గించే పాఠం చెప్పేవారు. కోపమొస్తే పది లెక్కపెట్టమన్నారట. వాడు ఏడు దగ్గర కొట్టాడు. ఎనిమిది నెలల్లో మళ్ళీ జైల్లో ఉన్నాడు. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరత్తా," అని ఏడ్చాడు, అంత లావు మనిషి.

మా దగ్గర ఫారం ఒకటుంది, న్యూజిలాండ్ నుంచి వచ్చిన మేధావులు తయారుచేసింది. ఫోనులోనే నింపొచ్చు. 'బాధితుల కుటుంబంతో రాజీ అయిందా? అవును, కాదు.' రాజీ అయ్యి, ఏడేళ్ళ తర్వాత చాపగా మడిచి తిరిగొస్తే ఎక్కడ టిక్కు పెట్టాలో అందులో లేదు. హాస్టలని రాసేస్తే నా చేతులు శుభ్రంగా ఉంటాయి. వాడు టోమాసిలాగా పోతాడు. ఊరని రాస్తే వాడి తల ఉంటుందో ఊడుతుందో తెలీదు. లెవాసా కొడుకులు నూరే కత్తులకి ఇంకెన్ని తలలు తెగుతాయో తెలీదు.

గురువారం పొద్దున్నే ఆపియా దగ్గరి జైలుకి వెళ్ళాను.

పెలెనాటో రొట్టెల గదిలో ఉన్నాడు. మోచేతుల దాకా పిండి. మనిషి ఎదిగాడు, భుజాలు వెడల్పయ్యాయి. చూపు మాత్రం నేలమీదే. ఆ జైలుతోటలో చేమదుంపలు తవ్వటం కన్నా రొట్టెలు కాల్చటం మేలని వాణ్ణి ఇందులో వేయించింది నేనే. వాళ్ళ రొట్టె ఇప్పుడు ఆసుపత్రికి కూడా వెళ్తోంది.

"చాప చూశానమ్మా," అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"అది ఆ చాపేనని ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ అది అల్లుతుంటే పక్కన కూర్చుని ఆకులందించింది నేనే. నాకప్పుడు ఆరేళ్ళు."

"పొరపాటు కావచ్చు."

"కావచ్చు." పిండిముద్ద తిప్పి కొట్టాడు. "కాకపోవచ్చు."

"నిన్ను హాస్టలుకి రాయనా పెలెనాటో? నిజం చెప్పు. నా దగ్గర మొహమాటం వద్దు."

రొట్టెల అచ్చుకి నూనె రాస్తూ ఉన్నాడు.

"హాస్టల్లో నన్ను ఎవరూ చంపరమ్మా. పలకరించరు కూడా. అది చాలనుకుంటే అలాగే రాయండి." ఆ తర్వాత మొదటిసారి తలెత్తాడు. "ఇక్కడ నాకు రొట్టె నేర్పారు. బైబిలు నేర్పారు. కోపమొస్తే ఏం చెయ్యాలో నేర్పారు. ఫెరెటి వాళ్ళమ్మ మొహం ఎలా చూడాలో ఒక్కరూ నేర్పలేదు. ఆ రోజు చాప కింద కూర్చుంది పెదనాన్న. నేను పోలీస్ స్టేషన్లో చాయ్ తాగుతూ ఉన్నాను. ఆయన మోకాళ్ళు ఇప్పటికీ వంగవు, చూశారా? నావి మాత్రం శుభ్రంగా ఉన్నాయి."

ఇరవై రెండేళ్ళలో ఎంతమంది నా ముందు పశ్చాత్తాపం ఒలకబోశారో! కాగితం మీద మంచి మాట రాయించుకోవటానికి ఏడ్చినవాళ్ళే ఎక్కువ. వీడు ఏడవలేదు. బయల్దేరేటప్పుడు వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి, "ఓడలో తినండి, మీరు పొద్దున్నేం తినుండరు," అన్నాడు.

---

ఓడలో తినలేదు. తినబుద్ధి కాలేదు. ఆ రాత్రి సవాయిలో చెల్లెలింట్లో పడుకుని, శుక్రవారం తొలి బస్సుకి మాతాఫాలో చేరాను. చాప సంగతి అడగకూడదు, అడక్కుండా తెలుసుకోవాలి. బస్సు దిగేటప్పటికి గుర్తొచ్చింది, ఒట్టి చేతులతో వచ్చానని. కొట్టు ఇంకా తెరవలేదు. సంచిలో నిన్నటి రొట్టె ఒక్కటే ఉంది. ఏ చేత్తో కాలిందో తెలిసి కూడా, ఒట్టి చేతులతో గడప తొక్కటం కన్నా మేలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

వాకిట్లోనే లఫాయెలే ఎదురయ్యాడు. చేతిలో కొబ్బరి బోండాం. పెద్దరికపు బిరుదు వచ్చినా నాకు వాడు లఫాయెలేనే. ఆదివారం బడిలో వాడి ముక్కు తుడిచిందాన్ని.

"ఓహో, జైలు అత్త! పంజరం తలుపు తీస్తున్నారటగా, పిట్టని ఎక్కడ వదుల్తున్నారు?"

"ఇంకా రాయలేదురా."

"రాయండి, రాయండి. మా ఊరి గాలి మంచిది." బోండాం కొట్టి నా చేతికిచ్చాడు. ఒకే దెబ్బ. కత్తి ఎంత పదునుగా ఉందో చెప్పక్కర్లేదు. "అమ్మ లోపలుంది. నాకు పెరట్లో పనుంది, ఏమనుకోకండి." నవ్వుతూ వెళ్ళిపోయాడు. నవ్వితే అచ్చం చచ్చిపోయిన తమ్ముడే.

సియేనీ, ఫెరెటి తల్లి, నడిమి స్తంభానికి ఆనుకుని మొగలాకు చీలుస్తోంది. ఆల్చిప్పతో ఒక్కో ఆకునీ గీకుతూ, గోటితో సన్నటి పోగులు తీస్తూ. నేను వంగి నడిచి వెళ్ళి ఎదురుగా మఠం వేసుకున్నాను. వానలు, పాస్టరుగారి నడుంనొప్పి, చెల్లెలి కూతురి చదువు, అన్నీ అయ్యాయి. రొట్టె ముందు పెట్టాను.

ఆవిడ దాన్ని తిప్పి అడుగుభాగం చూసింది.

"అడుగున గాటుంది. ఇది జైలు రొట్టె."

నేను చెయ్యి చాపి వెనక్కి తీసుకోబోయాను.

"కంటి ఆపరేషనుకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఇదే పెట్టారు," అంది సియేనీ. "ఎవరు కాలుస్తారో నర్సమ్మ చెప్పింది. దానికేం తెలుసు పాపం, గొప్పగా చెప్పింది, మీ ఊరివాడే అని. మూడు రోజులు తిన్నానే ఫువాతినో. నా కొడుకుని చంపిన చెయ్యి పిసికిన రొట్టె. మొదటిరోజు కక్కుకున్నాను. రెండోరోజు ఆకలేసింది. ఆకలికి సిగ్గేముంది?"

"అక్కా, నేను తెలియక..."

"తెలిసే తెచ్చావు. అబద్ధం నీకు అచ్చిరాదు, మానెయ్." రొట్టె విరిచి నాకు సగం ఇచ్చి, తను సగం తీసుకుంది. తినలేదు, ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఆకు గీకసాగింది. "నువ్వు చాప గురించి వచ్చావు. అడగలేక చస్తున్నావు. నేనే చెప్తాను విను. పొరపాటు కాదు. హడావిడీ కాదు. ఆ చాప నేనే తీసి నేనే ఇచ్చాను."

పెరట్లో రాయి మీద రాయి పడ్డ చప్పుడైంది. కాసేపాగి ఇంకోటి.

"ఎందుకక్కా?" అన్నాను.

"ఆ రోజు మా అన్న వెళ్ళి చాప ఎత్తాడు కదా. అప్పుడు నేనెక్కడున్నానో ఎవరైనా అడిగారా? నేను ఇదిగో, ఈ స్తంభం దగ్గరే, నా కొడుకుకి స్నానం చేయిస్తున్నాను. తలకి నీళ్ళు పోస్తే ఎర్రగా పోతున్నాయి, ఎంత పోసినా ఎర్రగానే. బయట జనం ఏడుస్తున్నారు, కౌగిలించుకుంటున్నారు. క్షమించామన్నారు. ఎవరే క్షమించింది? నా నోట్లో మాట ఉందా? ఆ తర్వాత ఆ మాట ఎత్తకూడదట. ఏడేళ్ళు ఆ చాప నా పరుపు కింద పెట్టారు. నా కొడుకు ఖరీదు మీద పడుకుని నిద్రపొమ్మన్నారు. పోయానా?"

ఇన్నేళ్ళలో ఎన్ని కేసుల్లో రాశాను, 'బాధితుల కుటుంబం సంప్రదాయం ప్రకారం క్షమించింది' అని! ఈవిడ కేసులోనూ ఆ వాక్యం నా దస్తూరీలోనే ఉంది. ఒక్కసారైనా వచ్చి ఈ స్తంభం దగ్గర కూర్చోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు పగ తీర్చుకుంటావా అక్కా?"

"పోయినసారి అందరూ వచ్చారు, వాడు తప్ప. ఈసారి వాడు తప్ప ఎవరూ రాకూడదు." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. "బయటికొచ్చిన మర్నాడు, తెల్లవారకముందు. వాళ్ళ పెదనాన్న వద్దు, కొడుకులు వద్దు, వాళ్ళ కత్తులూ వద్దు. ఆ చాప వాడి తలమీద ఉండాలి. వాకిట్లో కూర్చోవాలి. నేను చూస్తాను."

"చూసి? ఎత్తుతావా?"

"ఎత్తేదాకా నాకూ తెలీదు."

నోరు ఆగలేదు నాకు. ఉద్యోగ ధర్మం ప్రకారం చెప్పకూడని మాట చెప్పేశాను. "వాడూ అదే అన్నాడక్కా. నిన్ననే. తన మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయని అన్నాడు. నీ మొహం ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదన్నాడు."

సియేనీ చేతిలో ఆల్చిప్ప ఆగిపోయింది. ఎంతసేపో నా మొహంలోకే చూసింది, అబద్ధం వెతుకుతున్నట్టు. తర్వాత ఒళ్ళోని రొట్టెముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఉప్పు తక్కువ," అంది. "అయితే రానీ."

అది చూశాక నాకింకేం కావాలి చెప్పండి! ఇన్నేళ్ళ ఉద్యోగంలో జైలు చెయ్యలేనిదీ, హాస్టలు చెయ్యలేనిదీ, ఊరిపెద్దలు చెయ్యలేనిదీ ఒకటి జరగబోతోందని నా ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఫోను తీశాను. ఫారం తెరిచాను. 'నివాసం' దగ్గర మాతాఫాలో అని రాశాను. 'రాజీ' దగ్గర అవును అని నొక్కాను. పంపేశాను. సియేనీ చూస్తూనే ఉంది.

"పంపావా?"

"పంపానక్కా."

"మంచిది." మళ్ళీ ఆకు తీసుకుని గీకటం మొదలుపెట్టింది. "తిరుగు బస్సు ఇటు రాదు, వంతెన పాడైంది. పెరటి దారిన పో."

పెరటి వైపు తిరుగుతుంటే ఫోను మోగింది. బోర్డు గుమస్తా. 'అందింది. సోమవారం ఉదయం విడుదల. చిరునామా మాతాఫాలో. ధన్యవాదాలు.' అంత త్వరగా వాళ్ళు నాకెప్పుడూ జవాబివ్వలేదు.

పెరట్లో లఫాయెలే చొక్కా విప్పేసి, చెమటలు కక్కుతూ పని చేస్తున్నాడు. నల్లటి పొయ్యిరాళ్ళు గుండ్రంగా పేర్చాడు. పక్కన నా నడుమెత్తున కట్టెలు. ఆదివారం వంటకి మేం పేర్చే పొయ్యిలాంటిదే, కాకపోతే మూడింతలుంది.

"ఏరా, ఎల్లుండి ఊరందరికీ భోజనాలా?" అన్నాను, నవ్వటానికి ప్రయత్నిస్తూ.

"ఆదివారానికి కాదత్తా. మంగళవారానికి."

పెరడంతా చూశాను. కట్టేసిన పంది లేదు. చేమదుంపల బుట్ట లేదు. అరటాకులు కోసి పెట్టలేదు. రాళ్ళు, కట్టెలు, అంతే.

"క్షమాపణకి వచ్చేవాళ్ళు కట్టెలూ రాళ్ళూ వాళ్ళే తెచ్చుకుంటార్రా," అన్నాను. "అది పద్ధతి."

లఫాయెలే ఇంకో రాయి ఎత్తి, జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టాడు. చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"ఒక్కడే వస్తాడటగా, పాపం. ఒక్కడే ఇన్నెక్కడ మోసుకొస్తాడు? నేనే సాయం చేస్తున్నాను."

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. గుమస్తా నంబరు మీద వేలు పెట్టాను. వెనక్కి తీసుకోవాలంటే ఇప్పుడే తీసుకోవాలి, సాయంత్రం ఆఫీసు మూసేలోగా. తీసుకుంటే వాడికింకో ఏడాది జైలు, సియేనీ పరుపు కింద ఇంకో ఏడాది నిద్రలేమి. తీసుకోకపోతే... కొడుకు పెరట్లో ఏం పేరుస్తున్నాడో ఆ తల్లికి తెలుసా, తెలీదా? అది తెలిస్తే చాలు, నా వేలు ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది.

ఇంట్లోంచి సియేనీ గొంతు వినపడింది, ఆకు గీకే చప్పుడు ఆగకుండానే.

"పచ్చికట్టెలు పెట్టకురా నాయనా. తెల్లారగట్ల పొగొస్తే నాకు వాడి మొహం కనపడదు."